అత్తగారు కథ మార్చిన సోమవారం

మా అత్తగారు నోము కథ చెప్పేటప్పుడు చేతులు కదపరు. గుప్పిట్లో అక్షింతలు ఉంటాయి, అవి కథ అయ్యేదాకా జారకూడదు. అందుకని చెప్పాల్సిందంతా గొంతుతోనే చెబుతారు. రాజుగారి కూతురు ఏడ్చిందంటే ఆ గొంతు కాస్త తగ్గుతుంది. అమ్మవారు ముసలి ముత్తైదువ వేషంలో వచ్చిందంటే కాస్త వణుకుతుంది. అంతకు మించి ఏమీ చెయ్యరు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు మాత్రం గుప్పిళ్ళు బిగించుకుని, ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంటూ వింటారు. నేను కథలు రాస్తానని నలుగురికీ తెలుసు గానీ, మా ఇంట్లో కథ వచ్చిన మనిషి ఆవిడే.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. మా పుట్టిల్లు గోదావరి మధ్యన ఒక లంక. బడి అవతలి ఒడ్డున ఉండేది. పడవ ఎక్కితే చాలు నాకు కళ్ళు తిరిగి వాంతులయ్యేవి. కొన్నాళ్ళు చూసి మా తాతగారు, “దీన్ని రోజూ ఇలా కక్కించి చదివించక్కర్లేదు, నేనే చెబుతాను” అన్నారు. పంచాంగం, పురాణం, ఎరువుల బస్తా మీద అచ్చులు, పొట్లం కట్టి వచ్చిన పాత పేపరు, ఇవే నా పుస్తకాలు. ఆ పడవ నాకు పడకపోవడం భగవంతుడు చేసిన మేలనే ఇప్పటికీ అనుకుంటాను. బడిలో అయితే నా పక్కన తాతగారు కూర్చునేవారు కాదు కదా.

అలా చదువుకున్నదాన్ని కాబట్టి, ప్రతీక అనే మాట నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సంగతి మాత్రం ముందే తెలుసు. పూజలో తమలపాకు మీద పసుపు ముద్ద పెట్టి, దానికి బొట్టు పెట్టి, గౌరమ్మ అంటాం. ఆ కాసేపూ ఆవిడ గౌరమ్మే. చీర కడతాం, నైవేద్యం పెడతాం, కష్టాలు చెప్పుకుంటాం. పూజ అయ్యాక వెళ్ళిరా తల్లీ అని ఉద్వాసన చెబుతాం. ఆ తర్వాత ఆ పసుపునే తలా కాస్త తీసుకుని మంగళసూత్రాలకు అద్దుకుంటాం. అమ్మవారిగా ఉన్నంతసేపూ అది పసుపు కాకుండా పోలేదు. పసుపుగా మారాక అమ్మవారు అందులోంచి పూర్తిగా వెళ్ళిపోయిందనీ అనిపించదు. కథలో ఒక వస్తువును పెట్టి దానితో ఇంకో మాట చెప్పించాలంటే నాకు ఇంతకన్నా పెద్ద పాఠం ఎక్కడా దొరకలేదు.

కడియంలో మా వారికీ మా మరిదికీ కలిసి ఒక నర్సరీ ఉంది. లారీల్లో దూర ప్రాంతాలకు వెళ్ళే మొక్కకు వేళ్ళ చుట్టూ సొంత మట్టి ముద్దగా ఉంచి గోనెపట్టా చుట్టి కడతారు. అది చూసి ఒకసారి కథ రాశాను. కథలో మొక్క లారీ ఎక్కింది, అంతే. పెళ్ళి మాట గానీ, ఆడపిల్ల మాట గానీ ఎక్కడా రాయలేదు. అచ్చయ్యాక ఎవరెవరో ఆడవాళ్ళు ఫోన్లు చేసి, మమ్మల్ని అత్తారింటికి పంపిన రోజు గుర్తొచ్చిందండీ అన్నారు. నేను పొంగిపోయి మా వారికి చెబితే, “మట్టి లేకపోతే మొక్క చస్తుంది. అందుకు కడతాం. ఇందులో కథేంటి?” అన్నారు. ఆయన అన్నదీ నిజమే. మట్టి లేకపోతే మొక్క చస్తుందన్నది నిజం కాబట్టే ఆ కథ నిలబడింది.

ఇలాంటివి రెండు మూడు రాశాక, రాజమండ్రిలో ఒక కాలేజీ వాళ్ళు పిల్లలకు కథలో ప్రతీక గురించి చెప్పమని పిలిచారు. కాలేజీ గేటు లోపలికి నేను ఏనాడూ వెళ్ళింది లేదు. అయినా పిలిచినవాళ్ళ మంచితనం కాదనలేక ఒప్పుకుని, చెప్పాల్సింది కాగితాల మీద రాసుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ కాగితాల దగ్గరే మొదలైంది.

నా చేతిరాతను ఫోన్లో టైపు చేసి పత్రికలకు పంపేది మా తోటికోడలు. తుని పిల్ల. నాకన్నా బాగా చిన్నది. దాని వేళ్ళు ఫోను మీద ఎంత వేగంగా నడుస్తాయో, నోరు అంతకన్నా వేగంగా నడిచేది. “అక్కా, నీ కథల్లో మనుషుల కన్నా గిన్నెలెక్కువ” అనేది. “ఈ చెంబు మళ్ళీ వస్తుందా, లేక ఇక్కడితో దీని పని అయిపోయిందా? ముందే చెప్పు, దాన్ని గుర్తుపెట్టుకోవాలి” అనేది. నా కథలకు అంత శ్రద్ధగల పాఠకురాలు ఇంకొకరు లేరు.

అలాంటి పిల్ల నోరు ఆ ఏడాది మాఘమాసం నుంచీ మూతపడిపోయింది.

దానికి ముందు కార్తీకంలో మా ఇంట్లో ఎప్పటిలాగే పిండి దీపాల నోము జరిగింది. తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపి చలిమిడి ముద్ద చేస్తాం. దాన్ని ప్రమిదలా వత్తి, నెయ్యి పోసి, వత్తి వెలిగిస్తాం. ఎవరి దీపం వాళ్ళ ముందు ఉంటుంది. మా అత్తగారు కథ చెబుతారు. కథ అయ్యి దీపాలు కొండెక్కాక, నెయ్యి పీల్చుకున్న ఆ చలిమిడిని ఎవరిది వాళ్ళు ప్రసాదంగా తింటారు. ఆ ఏడు కథ సగంలో ఉండగా మా తోటికోడలి దీపం పగిలింది. నెయ్యి పళ్ళెంలోకి కారిపోయి, వత్తి ఒరిగిపోయి, దీపం కొండెక్కింది. అప్పటికి తనకు రెండో నెల. పక్కింటి పెద్దావిడ ఉండబట్టలేక, “అయ్యో, ఇదేంటే, ఇలా అయిందేంటి” అని పైకే అనేసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. బజార్లో వాళ్ళకు పూజసామాన్ల కొట్టు ఉంది. కొట్లో వత్తులు ఉన్నవి ఉన్నట్టు ఎలా ఎంచి చెబుతుందో, మనసులో మాటా అలాగే చెప్పేస్తుంది.

మాఘంలో, అయిదో నెల నిండబోతుండగా, కడుపులో బిడ్డ పోయింది.

డాక్టరమ్మ కారణం చెప్పింది. ఇంట్లో ఎవరమూ దీపం ఊసెత్తలేదు. కానీ మా నోము కథలోనే ఆ మాట ఉంది. రాజుగారి కూతురు అశ్రద్ధగా చేసిన దీపం కథ మధ్యలో పగిలిపోతుంది. అందువల్ల ఆమెకు బిడ్డలు దక్కరు. తర్వాత అమ్మవారు వచ్చి తప్పు తెలియజెప్పి, మళ్ళీ నోము పట్టించి, బిడ్డల్ని ఇస్తుంది. ఏటా విన్న కథే. మా తోటికోడలు దాన్ని ఎవరూ చెప్పకుండానే తనకు అన్వయించుకుంది.

ఇంటి పనులన్నీ చేసేది. వండేది, వడ్డించేది, అడిగినదానికి జవాబు చెప్పేది. దేవుడి గదిలోకి మాత్రం వచ్చేది కాదు. దీపాల వేళకు ఏదో ఒక పని పెట్టుకుని నర్సరీకి వెళ్ళిపోయేది. నేను అప్పుడు, దుఃఖం కదా, కాలం పడుతుందిలే అనుకున్నాను. అసలు సంగతి కాలేజీ కాగితాలు టైపు చేస్తున్న మధ్యాహ్నం తెలిసింది.

వెనక వసారాలో కూర్చుని నేను చదువుతున్నాను, తను టైపు చేస్తోంది. నేను రాసుకున్నది ఇది: కథలో దీపం ఆరిందని రాస్తే చాలు, ఎవరు పోయారో చెప్పక్కర్లేదు, పాఠకులే గ్రహిస్తారు. అక్కడ తన బొటనవేలు ఆగిపోయింది.

“అక్కా.”

“ఊఁ.”

“ఇది నిజమే కదా.”

“ఏది?”

“ఈ దీపం సంగతి. చెప్పక్కర్లేదు, గ్రహిస్తారని నువ్వే రాశావుగా. ఆ రోజు నాకూ ఎవరూ చెప్పలేదు. నేనే గ్రహించాల్సింది.”

నా చేతిలో కాగితం బరువెక్కినట్టయింది.

“అది కథమ్మా. కథలో దీపం నేను ఆర్పుతాను. కావాలని ఆర్పుతాను కాబట్టి దానికి అర్థం ఉంటుంది. మనింట్లో పిండి తడారిపోయింది, పగిలింది, అంతే.”

“నీ కథలో నువ్వు ఆర్పావు, బాగానే ఉంది. మనింట్లో ఎవరు ఆర్పారు? దేవుడేగా?”

దేవుణ్ణి నమ్మనిదాన్నయితే అక్కడ నాకు ఏదో ఒక మాట దొరికేదేమో. నమ్ముతాను. ఆకు కదిలినా ఆయన దయే అనుకునే మనిషిని. తను నా ముఖం చూసి, “చదువక్కా, తర్వాత ఏంటి?” అంది. మిగిలినదంతా ఒక్క తప్పు లేకుండా టైపు చేసింది. దీపాల వేళ కాగానే చెప్పులు వేసుకుని నర్సరీకి వెళ్ళిపోయింది.

తను దేవుడి గదిలోకి రావడం లేదన్నది నా బాధ కాదు. దేవుడు ఎక్కడైనా ఉంటాడు, మొక్కల మధ్య ఇంకాస్త బాగా ఉంటాడు. తన చేతిలో పిండి పగిలినందువల్లే బిడ్డ పోయిందని ఈ పిల్ల జన్మంతా నమ్మేస్తుందేమోనన్నదే నా భయం. నమ్మించింది మా నోము కథ. దానికి వంత పాడింది నా కాగితం.

ఆ సాయంత్రం అత్తగారు తోటకూర బాగుచేస్తుంటే పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. ఆవిడ ఆకు తుంచడం ఆపకుండా విన్నారు.

“ఆ మాట నీ కాయితంలో ఉందా?”

“ఉందండి. కొట్టేస్తాను.”

“కొట్టెయ్యకు. బాగానే ఉంది మాట. కథలంటే అంతే మరి.” ఇంకో కట్ట విప్పారు. “వచ్చే సోమవారం నోము ఉందిగా. దాన్ని వచ్చి కూర్చోమను. దీపం పట్టక్కర్లేదు, ఊరికే కూర్చోమను.”

“నేను చెబితే వస్తుందంటారా? మీరే చెప్పండి అత్తయ్యగారూ.”

“నేను చెబితే వస్తుంది. అత్తగారు కదా, కాదనలేదు. అలా కాదనలేక రావడం నాకిష్టం లేదే. నువ్వయితే కాదనగలదు. అందుకని నువ్వు చెప్పు.”

ఆవిడ పెద్దగా చదువుకోలేదు. సంతకం పెడతారు, పంచాంగం చూస్తారు. కానీ ఒక మనిషికి కాదనే చోటు అట్టేపెట్టి పిలవడం అన్నది ఆవిడ దగ్గర చూశాకే నాకు తెలిసింది.

నేను వెళ్ళి చెబితే మా తోటికోడలు కాదనే అంది.

“ఆ కథ నాకు తెలుసక్కా. ఆ ముక్క దగ్గరికి రాగానే అందరూ నా వంకే చూస్తారు.”

“చూడరులే.”

“నిజమే, చూడరు. చూడకుండా ఉండడానికి కష్టపడతారు. అది ఇంకా కష్టం నాకు.”

చివరికి తనే, “గుమ్మం బయట కూర్చుంటాను. మధ్యలో లేచిపోతే ఏమీ అనుకోకండి” అంది. ఆ మాటే అత్తగారికి చెప్పాను. ఆవిడ తల ఊపి, “గుమ్మం బయట కూడా వినబడుతుంది” అన్నారు.

సోమవారం వచ్చింది. అందరం ఉపవాసం. పొద్దున్నే నానబోసిన బియ్యం వడకట్టి, మిక్సీలో వేసి, జల్లించి, బెల్లం కలిపి ముద్ద చేశాం. చలిమిడికి ఎప్పుడూ తడిగుడ్డ కప్పి ఉంచుతాం, లేకపోతే తడారి బీటలిస్తుంది. ఇది మా ఇంట్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ముద్దలన్నిటి మీదా గుడ్డ కప్పి చూస్తే, అత్తగారి ముద్ద మాత్రం వేరే పళ్ళెంలో ఫాను కింద ఉంది.

“అత్తయ్యగారూ, దీనికీ కప్పనా?”

“దానికొద్దు.”

“ఆరిపోతుందేమోనండి.”

“ఆరనీ.”

సాయంత్రం ప్రమిదలు వత్తేటప్పుడు ఆవిడ తన దీపానికి ఒక పక్క అంచును బొటనవేలితో మరీ పల్చగా నొక్కడం కూడా చూశాను. అప్పుడు అర్థమైంది. కథ మధ్యలో దీపం పగలడం ఏ ఆడదానికైనా భయమే. పసుపు కుంకాలతో ఉన్న పెద్ద ముత్తైదువకు, భర్త వీధి వరండాలో కూర్చుని ఉండగా, ఊరి ఆడవాళ్ళందరి ఎదుటా అలా జరిగితే నలుగురూ ఏమనుకుంటారో ఆవిడకు తెలియనిది కాదు. మా ఇంట్లో ఎవరికన్నా ఆ పట్టింపులు ఎక్కువగా ఉన్నది ఆవిడకే. మంగళవారం గోళ్ళు తియ్యనివ్వరు, శుక్రవారం నాణెం కూడా బయటికి ఇవ్వనివ్వరు.

ఆడవాళ్ళు వచ్చారు. పక్కింటి పెద్దావిడ ఎప్పటిలాగే అమ్మవారి ఎదురుగా మొదటి వరసలో కూర్చుంది. మా తోటికోడలు గుమ్మం అవతల గోడకు చేరబడి, ఒళ్ళో ఫోను పెట్టుకుని కూర్చుంది. వరండాలోంచి మామగారు, “చుక్క కనబడిందా?” అని అడుగుతూనే ఉన్నారు. కార్తీక సోమవారం ఆకాశంలో చుక్క కనబడితే గానీ భోజనం లేదు. ఆ రోజుల్లో ఆయనకు ఖగోళ శాస్త్రం మీద భలే ఆసక్తి పుడుతుంది.

దీపాలు వెలిగించాం. అక్షింతలు తీసుకున్నాం. అత్తగారు మొదలుపెట్టారు. అనగనగా ఒక రాజుగారు, ఆయనకు ఒక కూతురు. ఎప్పుడూ చెప్పే మాటలే, ఎప్పుడూ ఉండే గొంతే. రాజుగారి కూతురు నోము పట్టింది, పిండి దీపం పెట్టుకుని కథ వినడానికి కూర్చుంది అనేదాకా వచ్చారు. గుమ్మం అవతల తోటికోడలు తల వంచుకుంది. మేమందరం తనన్నట్టే, తన వంక చూడకుండా ఉండడానికి కష్టపడుతున్నాం.

అప్పుడే అత్తగారి దీపం అంచు విడిపోయింది. నెయ్యి సన్నగా పళ్ళెంలోకి దిగింది. వత్తి ఒకసారి పెద్దగా లేచి, ఒరిగి, కొండెక్కింది.

“అయ్యయ్యో, వదినగారూ, దీపం” అంది పెద్దావిడ.

“ఏంటి, చుక్క కనబడిందా?” అన్నారు వరండాలోంచి మామగారు.

ఎవరికీ నవ్వు రాలేదు. ఇద్దరు ముగ్గురి కళ్ళు వరండా వైపు తిరిగి, వెంటనే నేలకు దిగిపోయాయి. అత్తగారి గుప్పిట సడల్లేదు. గొంతు ఒక్క పిసరు కూడా మారలేదు.

“అదిగో, అలాగే ఆ పిల్ల దీపం కూడా పగిలింది” అని కథ కొనసాగించారు.

“పగిలితే ఆ పిల్ల ఏడ్చింది. నావల్లే పగిలింది, నా చెయ్యి మంచిది కాదు అని ఏడ్చి, తలుపు వేసుకుంది. అప్పుడు వీధిలో ఒక ముసలావిడ వచ్చి తలుపు కొట్టింది. అమ్మా, పొద్దుట్నించీ ఏమీ తినలేదు, ఏమన్నా పెట్టమంది. ఆ పిల్ల తలుపు తియ్యకుండానే, మా ఇంట్లో ఏమీ లేదవ్వా, ఒక్క చలిమిడి దీపం ఉంది, అదీ పగిలిపోయింది, పెట్టడానికి పనికిరాదు అంది. ముసలావిడ ఏమందీ, పగిలిందా, అయితే ఇంకా మంచిదే, నెయ్యంతా పిండికి పట్టి మెత్తబడి ఉంటుంది, నాకు పళ్ళు లేవు, పగలని దీపాలు ఇచ్చే ఇళ్ళన్నీ తిరిగొచ్చాను, ఒక్కటీ కొరకలేకపోయాను అంది.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దావిడ మాత్రం కదిలింది.

“వదినగారూ, ఈ ముక్క నేను ఏనాడూ వినలేదే. మీరే ఇన్నేళ్ళ బట్టీ చెబుతున్నారు. మధ్యలో ఇదెక్కడిది?”

“కథలో తప్పులుంటే మన్నించు తల్లీ అని చివర్న ఎటూ అడుగుతాం కదా వదినగారూ. ఏటా అడుగుతున్నాం, ఏటా ఒక్క తప్పూ ఉండదు. ఈ ఏడు ఆ మాటకి కాస్త పని కల్పిద్దాం.”

ఈసారి అందరూ నవ్వారు. పెద్దావిడ కూడా మూతి బిగించుకునే నవ్వింది. నేను గుమ్మం వైపు చూశాను. మా తోటికోడలు తల ఎత్తి అత్తగారినే చూస్తోంది.

“ఆ పిల్ల తలుపు తీసింది. ముసలావిడ గుమ్మంలోనే చతికిలబడి, పగిలిన దీపం మొత్తం తినేసింది. చేతికంటిన నెయ్యి మోచేతులకు రాసుకుంది. చల్లగా ఉండు అని దీవించి, కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయింది.”

“మరి అమ్మవారని తెలియదా ఆ పిల్లకి?” అడిగింది పెద్దావిడ. ఆవిడకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

“ఆవిడ చెప్పలేదు. ఆకలేసింది, తింది, వెళ్ళింది.”

“తర్వాత పిల్లలు పుట్టారా?”

ఎవరూ నవ్వలేదు. ఒక్క క్షణం అత్తగారు కూడా ఆగారు. ఏటా ఈ చోట రాజుగారి కూతురికి వరసగా బిడ్డలు పుడతారు. ఆ మాట చెప్పేస్తారేమో, చెబితే ఇంతసేపు చేసినదంతా పోతుందేమో అని గుప్పిట ఇంకా బిగించాను.

“ఈ ఏడు కథ అంతవరకే వదినగారూ. ముసలావిడ వెళ్ళాక ఆ పిల్లకీ ఆకలేసింది. పళ్ళెంలో మిగిలిన నెయ్యి వేలితో తీసుకుని తింది. కడుపులో చల్లగా ఉంది. తలుపు తెరిచే ఉంచి పడుకుంది.”

అక్షింతలు అమ్మవారి మీద వేశారు. మేమూ వేశాం. తప్పులు మన్నించమనే మాట ఆవిడ ఆ రోజు ఎంత నిదానంగా, ఎంత మనసు పెట్టి చెప్పారో, నేను ఇంతవరకూ ఏ పూజలోనూ వినలేదు.

నేను రాజమండ్రి వెళ్ళి పిల్లలకు చెప్పాల్సింది చెప్పి వచ్చాను. వాళ్ళు శ్రద్ధగా విన్నారు, వాళ్ళ పెద్దలు శాలువా కప్పారు, అందరికీ రుణపడి ఉన్నాను. కానీ చెప్పలేకపోయినది ఒకటుంది. ఆ మధ్యాహ్నం నేను మా తోటికోడలితో, పగిలిన దీపానికి అర్థం లేదని వాదించాను. అర్థం ఉందని నమ్మినవాళ్ళకు లేదని చెబితే వినబడదు. అత్తగారు లేదని అనలేదు. దానికి ఒక ఆకలిగొన్న ముసలావిడను ఇచ్చారు. అది కూడా దూరంగా కూర్చుని కాదు, ఆ పగులును ముందు తన పళ్ళెంలోకి, తన మెడలోని సూత్రాల మీదికి తెచ్చుకుని ఇచ్చారు. ఒక వస్తువుతో మాట్లాడించాలనుకునేవాళ్ళు దాని బరువు కూడా మొయ్యాలని నాకు అంతకు ముందు తెలియదు. అలాంటి మనిషి ఇంట్లో కోడలిగా అడుగుపెట్టినందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ సోమవారం కథ అయ్యాక ఎవరి దీపం వాళ్ళు తుంచుకుంటున్నారు. అత్తగారు తన పగిలిన దీపాన్ని పళ్ళెంలో పెట్టుకుని, కుంకం పడిన పిండి కాస్త గిల్లి పక్కన పెట్టి, ఊరికే కూర్చున్నారు. తినలేదు. ఎవరినీ పిలవలేదు. గుమ్మం వైపు చూడను కూడా లేదు.

మా తోటికోడలు లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాను. ఫోను గోడ వారగా పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. కొళాయి చప్పుడు వినిపించింది. తడి కాళ్ళతో వచ్చి, గడప దాటి, ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ అత్తగారి ముందు కూర్చుంది. చెయ్యి చాపింది. అత్తగారు దీపంలో సగం ఆ చేతిలో పెట్టారు.

అది నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది. కంటినిండా నీళ్ళు. కరగని బెల్లం పలుకు ఒకటి పంటి కింద పడినట్టుంది, కటుక్కుమని అందరికీ వినబడింది. నమలడం ఆపి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, అత్తగారి ముఖంలోకి చూసింది.

“అత్తయ్యా, మీ ముసలావిడకి పళ్ళు లేవన్నారు. మరి ఈ బెల్లం ఎలా నమిలిందంట?”

“చప్పరించిందే” అన్నారు అత్తగారు.